జీవి చేతిలో స్ఫటికం: తేలినవి, తేలనివి

ప్రశ్న ఎక్కడుంది

కాల్షియం కార్బొనేట్‌ను గాజు బీకరులో నెమ్మదిగా పేరుకోనిస్తే అడుగున ఎక్కువగా చేరేవి కాల్సైట్ స్ఫటికాలు. వాటి ఆకారం ముందే ఖరారై ఉంటుంది: ఒక పక్కకు ఒరిగిన ఘనంలా ఆరు చదునైన ముఖాలు, పదునైన అంచులు. సుత్తితో కొడితే ఆ ముఖాలకు సమాంతరంగానే చీలుతుంది. సీ అర్చిన్ అనే ముళ్ల సముద్రజీవి ఒంటి మీది ముల్లు కూడా కాల్సైటే. దాన్ని కోసి చూస్తే చదునైన ముఖం ఒక్కటీ ఉండదు. నున్నటి వంపులు, గుండ్రటి కన్నాలు, ఒకదానిలో ఒకటి కలిసిపోయే సన్నటి దూలాలు కనబడతాయి. అయినా ధ్రువిత కాంతి సూక్ష్మదర్శిని కింద పెట్టి తిప్పితే ముల్లంతా ఒకేసారి వెలిగి, ఒకేసారి చీకటవుతుంది. మొదలు నుంచి మొన దాకా అయాన్ల వరుస ఒక్కటేనని, అది ఒంటి స్ఫటికమని దీన్నిబట్టి తెలుస్తుంది. విరిస్తే మాత్రం గాజు పెంకులా వంపు తిరిగి విరుగుతుంది.

ముత్యపు చిప్పలో చిక్కు ఇంకో రకం. దాని బయటి పొర కాల్సైట్ స్తంభాలు, లోపల మెరిసే పొర అరగొనైట్ పలకలు. రెండూ కాల్షియం కార్బొనేటే. అయాన్లు పేర్చుకున్న తీరు వేరు. బట్టీలో వేసి కాలిస్తే ఈ తేడా మిగలదు, అంతా గుల్ల సున్నమే. కాల్చక ముందు మాత్రం ఒకే జీవి, ఒకే సముద్రపు నీటితో, ఒకే చిప్పలో రెండు వేర్వేరు ఖనిజాలను గీత గీసినట్టు విడివిడిగా పేరుస్తోంది.

ఈ రంగంలో ‘అదుపు’ అన్న ఒక్క మాట కింద చాలా సంగతులు కలిసిపోయాయి. స్ఫటికం బయటి ఆకారం, దాని పరిమాణం, అది ఏ దిక్కుకు తిరిగి పెరిగిందన్నది, ఏ ఖనిజ రూపం ఎంపికైందన్నది వేర్వేరు ప్రశ్నలు. వాదం ఇంతగా చిక్కుపడటానికి ఇదే పెద్ద కారణం. ఒక పక్షం ఆకారానికి చెప్పిన జవాబును ఇంకో పక్షం ఖనిజ రూపానికి అన్వయించి తప్పుపట్టిన సందర్భాలు కొల్లలు. డయాటమ్‌లనే సూక్ష్మ శైవలాల సిలికా పెంకులు ఎంత అందంగా ఉన్నా ఈ సమీక్షలోకి రావు. వాటి సిలికా స్ఫటికం కాదు, గాజు లాంటి పదార్థం.

వాదం పుట్టిన తీరు

జర్మన్ జీవశాస్త్రవేత్త ఎర్నెస్ట్ హెకెల్ 1887లో ప్రచురించిన రేడియోలేరియన్ల నివేదిక సూక్ష్మజీవుల అస్థిపంజరాల వైవిధ్యాన్ని కుప్పగా కళ్ల ముందు పెట్టింది. వాటికి వివరణ వెతికినవారిలో డార్సీ థాంప్సన్ ముఖ్యుడు. 1917లో వచ్చిన ‘ఆన్ గ్రోత్ అండ్ ఫామ్’ గ్రంథంలో ఆయన ఈ ఆకారాలను తలతన్యత, నురుగు బుడగల మధ్య సందులు, విసరణ వంటి భౌతిక బలాలకు ముడిపెట్టాడు. జీవి ప్రత్యేకించి చేసేది తక్కువ, భౌతిక నియమాలు చేసేది ఎక్కువ అన్నది ఆయన మొగ్గు. మరోపక్క డబ్ల్యూ. జె. ష్మిట్ 1924లో జంతు శరీర భాగాలను ధ్రువిత కాంతిలో చూసి స్ఫటిక అక్షాల దిక్కులను నమోదు చేశాడు. ఒకే జాతిలో ఒకే అవయవంలో అక్షం ఎప్పుడూ ఒకే దిక్కుకు ఉండటం యాదృచ్ఛికం కాదని ఆ పరిశీలనలు చెప్పాయి.

1962లో హైంజ్ లోవెన్‌స్టామ్ కైటన్ అనే సముద్రపు మొలస్కా దంతాలలో మాగ్నెటైట్‌ను గుర్తించాడు. అధిక ఉష్ణోగ్రతల్లోనే పుడుతుందని అప్పటిదాకా అనుకున్న ఖనిజం చల్లటి నీటి జీవి నోట్లో దొరికింది. ఆ తర్వాత 1981లో ఆయన చేసిన విభజన ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో నిలిచి ఉంది. జీవి విడిచిన వ్యర్థాల వల్ల పరిసరాల్లో ఖనిజం దానంతట అదే పేరుకోవడం ఒక కోవ. జీవి తన ఒంట్లో కట్టుకున్న సేంద్రియ చట్రం మీద ఖనిజాన్ని పెంచుకోవడం రెండో కోవ. 1989లో స్టీవ్ వైనర్‌తో కలిసి రాసిన ‘ఆన్ బయోమినరలైజేషన్’ దీన్ని స్థిరపరిచింది. విభజన పనికొచ్చేదే. అయితే రెండో కోవలో పడ్డదంతా అణువణువునా జీవి అదుపులోనే ఉందన్న భావన కూడా దానితోపాటే పాతుకుపోయింది. తర్వాతి తగాదాల్లో సగం ఈ భావన చుట్టూ నడిచినవే.

అచ్చు పక్షం

మొదటి పక్షం వాదం సూటిగా ఉంటుంది. జీవకణం ముందు ఒక గది కడుతుంది, స్ఫటికం ఆ గది ఆకారాన్ని పొందుతుంది. దీనికి బలమైన సాక్ష్యం అయస్కాంత బ్యాక్టీరియాలో ఉంది. రిచర్డ్ బ్లేక్‌మోర్ 1975లో వర్ణించిన ఈ బ్యాక్టీరియాలు కొవ్వు పొరతో చేసిన చిన్న తిత్తులను ముందు తయారుచేసుకుని, వాటిలో మాగ్నెటైట్ స్ఫటికాలు పెంచుతాయి. ఒక్కోటి సుమారు 35 నుంచి 120 నానోమీటర్లు. అంతకంటే చిన్నదైతే అయస్కాంతత్వం నిలకడగా ఉండదు, పెద్దదైతే ఒకే స్ఫటికంలో వేర్వేరు అయస్కాంత ప్రాంతాలు ఏర్పడతాయి. ఒక జాతిలో స్ఫటికాలు ఘనానికి దగ్గరగా, ఇంకో జాతిలో పొడుగాటి పట్టకాల్లా, మరో జాతిలో తుపాకీ గుండు ఆకారంలో ఉంటాయి. తిత్తి పరిమాణాన్ని అదుపు చేస్తుందనడంలో ఎవరికీ అభ్యంతరం లేదు. గుండు ఆకారాన్ని కూడా తిత్తే ఇస్తుందా అన్నచోట ఏకాభిప్రాయం ఆగిపోతుంది.

వంటింట్లోకి వచ్చే ఉదాహరణ కంద, చేమ దుంపలది. తరిగేటప్పుడు చేతులు దురద పెట్టేది వీటిలోని కాల్షియం ఆక్జలేట్ సూదుల వల్ల. వాటితోపాటు ఉండే ప్రొటీన్లు మంటను పెంచుతాయి. కందకు లేని దురద కత్తిపీటకెందుకన్న సామెతకు సూక్ష్మదర్శిని కింద మంచి సమాధానమే ఉంది. కందలో ఆ సూదులు ప్రత్యేక కణాల లోపల కట్టలుగా బిగించి ఉంటాయి, కణం పగిలేదాకా కందకు వాటితో పేచీ లేదు. కట్టలోని ప్రతి సూదికీ రిక్తిక అనే కణపు సంచి లోపల దానిదే అయిన పొర గది ఉంటుంది. గది సన్నగా పొడుగ్గా సాగుతుంటే స్ఫటికం దాని వెంట సాగుతుంది. రెండు కొనలూ మొనదేలతాయి. కంద, చేమల కుటుంబపు మొక్కల సూదుల మీద నిలువు గాడి, మొన దగ్గర వెనక్కి తిరిగిన ముళ్లు కూడా కనబడతాయి. ఇదే పదార్థం మనిషి మూత్రపిండంలో రాయిగా కట్టినప్పుడు సూదులు కావు, పలకలూ ముద్దలూ అవుతుంది. పదార్థం ఒకటే అయినప్పుడు తేడా గదిలో వెతకాల్సిందే.

మొక్కల నుంచి వచ్చిన సాక్ష్యానికి ఇంకో విలువ ఉంది. మెడికాగో ట్రంకాటులా అనే చిక్కుడు జాతి మొక్క ఆకు ఈనెల వెంట ఇవే ఆక్జలేట్ స్ఫటికాలు పట్టకాలుగా పేర్చి ఉంటాయి. నకాటా, మెకాన్ 2000 నుంచి వెలికితీసిన ఉత్పరివర్తక మొక్కల్లో కొన్నింటికి స్ఫటికాలే లేవు, కొన్నింటికి వాటి ఆకారం మారిపోయింది. ఆకారం జన్యువుల చేతిలో ఉందనడానికి బీకరులో చేసే వంద ప్రయోగాల కన్నా ఇది గట్టి రుజువు. ఈ పరిశోధనకు ఖనిజీకరణ సాహిత్యంలో దక్కాల్సినంత చోటు దక్కలేదు. జంతువుల మీద పనిచేసేవారు మొక్కల పత్రికలు చదవకపోవడం ఒక కారణం కావచ్చు.

అచ్చు వాదాన్ని నేరుగా పరీక్షించింది ఫియోనా మెల్‌డ్రమ్ బృందం. సీ అర్చిన్ పలకకు పాలిమర్‌తో అచ్చు తీసి, అసలు పలకను కరిగించి, ఖాళీ అచ్చులో కాల్సైట్ పెంచారు. 2002లో వెలువడిన ఫలితం ప్రకారం ఏ ప్రొటీనూ లేకుండానే వంపులూ కన్నాలూ ఉన్న ఒంటి స్ఫటికం వచ్చింది. కాల్సైట్‌కు తన చదును ముఖాలను వదులుకోవడం కష్టం కాదని తేలింది. అయితే అచ్చు ఆ స్ఫటికాన్ని ఏ దిక్కుకు తిప్పాలో చెప్పలేదు, అరగొనైట్‌కు బదులు కాల్సైట్ ఎందుకు రావాలో కూడా చెప్పలేదు. పైగా ప్రశ్న ఒక మెట్టు వెనక్కి జరుగుతుందంతే: గదికి ఆ ఆకారం ఎవరిచ్చారు? సీ అర్చిన్ పిండంలో రక్తనాళాల పెరుగుదలకు వాడే వీఈజీఎఫ్ సంకేతాన్ని ఆపితే అస్థిపంజరం ఏర్పడదు. అంటే ఆ ఆకారపు మూలం కణాల మధ్య నడిచే సంభాషణలో ఉంది.

అణువుల పక్షం

రెండో పక్షం దృష్టి స్ఫటికం ఉపరితలం మీద. స్ఫటికం మెట్లు మెట్లుగా పెరుగుతుందని, కొత్త అయాన్లు మెట్టు అంచున చేరతాయని బర్టన్, కాబ్రెరా, ఫ్రాంక్ 1951లో సిద్ధాంతీకరించారు. ఒక అణువు ఒక రకం మెట్టును పట్టుకుని ఆపితే ఆ దిక్కు పెరుగుదల మందగిస్తుంది. నెమ్మదిగా పెరిగే ముఖమే చివరికి పెద్దదై నిలుస్తుంది. గుల్లల్లో దొరికే ప్రొటీన్లు ఆస్పార్టిక్ ఆమ్లంతో నిండి ఉండటం 1970ల నుంచే తెలుసు. దాని రుణావేశపు కొమ్మలు కాల్షియాన్ని పట్టుకుంటాయి.

లియా అడ్డాడి, స్టీవ్ వైనర్ 1985లో ఈ పట్టుకు జ్యామితి ఉందని చూపారు. ఈ ఆమ్ల ప్రొటీన్లు కొన్ని స్ఫటిక తలాలనే ఎంచుకుని అంటుకుంటాయి. ఇదే ఒరవడిలో 1988లో వచ్చిన పని సీ అర్చిన్ ముల్లు గాజులా ఎందుకు విరుగుతుందో చెప్పింది. ప్రొటీన్లు స్ఫటికం లోపలే కొన్ని తలాల్లో ఇరుక్కుని, పగులును సూటిగా పోనివ్వవు. 2001లో క్రిస్టీన్ ఓర్మ్, జిమ్ డియోరియో తదితరులు ఆస్పార్టిక్ ఆమ్లపు కుడి, ఎడమ రూపాలు కాల్సైట్ మెట్లను ఒకదానికొకటి అద్దంలో బింబంలా వంచుతున్నట్టు అణుబల సూక్ష్మదర్శినితో చూశారు. అణువు నుంచి ఆకారం దాకా గొలుసు అక్కడ కళ్లకు కట్టింది.

ఈ పక్షానికి పాత బలహీనత ఒకటుంది. బీకరులో ఒక ప్రొటీన్ చేయగలిగిన పని, జీవిలో అది చేస్తున్న పని ఒకటే అనుకోవడం. ఆమ్ల స్వభావం ఉన్న ఏ పొడుగాటి అణువు వేసినా కాల్సైట్ ఆకారం ఎంతోకొంత మారుతుంది. అందువల్ల జన్యువును ఆపి చూసే ప్రయోగాలకే ఎక్కువ బరువివ్వాలి. 2009లో సుజుకి, నగసావా బృందం ముత్యపు చిప్పలో పిఫ్ అనే ప్రొటీన్ తయారీని అడ్డుకుంటే ముత్యపు పొర అల్లిక చెదిరిందని చూపింది. అయస్కాంత బ్యాక్టీరియాలో ఎంఎంఎస్6 జన్యువును తీసేస్తే స్ఫటికాలు చిన్నవై మామూలుగా కనబడని ముఖాలు తేలాయని 2011లో వెల్లడైంది. తిత్తి ఉన్నా ఆకారం మారిందంటే అచ్చు ఒక్కటే చాలలేదన్నమాట.

పంటి ఎనామిల్ ఇక్కడ ప్రత్యేకం. అందులో బరువు ప్రకారం 95 శాతానికి పైగా ఖనిజమే. హైడ్రాక్సీఅపటైట్ స్ఫటికాలు సన్నగా, అసాధారణంగా పొడుగ్గా, పక్కపక్కనే పేర్చి ఉంటాయి. వాటిని నడిపించేది అమెలోజెనిన్ అనే ప్రొటీన్. పని అయ్యాక దాన్ని ఎంఎంపీ20, కేఎల్‌కే4 అనే ఎంజైములు ముక్కలు చేసి తొలగించాలి. అప్పుడే స్ఫటికాలు లావెక్కి సందులు పూడతాయి. ప్రొటీన్ ఉండటం ఎంత అవసరమో వెళ్లిపోవడమూ అంతే అవసరం. తెలుగు నేలకు ఈ సంగతి పరాయిది కాదు. 1937లో మద్రాసు రాజధానిలోని అప్పటి నెల్లూరు జిల్లా పొదిలి, దర్శి ప్రాంతాల నుంచి ఫ్లోరోసిస్‌ను నమోదు చేశారు. నల్లగొండ పేరైతే నీటి నుంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికే స్థిరపడింది. పళ్లు రూపుదిద్దుకునే వయసులో ఫ్లోరైడ్ మితిమీరితే అమెలోజెనిన్ తొలగింపు ఆలస్యమై, ఎనామిల్ పైపొర కింద ఖనిజం నిండని గుల్లతనం మిగులుతుంది. ఫ్లోరైడ్ ఎంజైములను నెమ్మదింపజేస్తుందా, ఆమ్ల క్షార సమతుల్యతను తప్పిస్తుందా, ఎనామిల్ కణాలనే ఒత్తిడికి గురిచేస్తుందా అన్నదానిపై మూడు వాదనలూ సజీవంగా ఉన్నాయి. తక్కువ మోతాదులో అదే ఫ్లోరైడ్ ఎనామిల్‌ను ఆమ్లానికి తట్టుకునేలా చేయడం వ్యవహారాన్ని మరింత క్లిష్టం చేస్తుంది.

దారి పక్షం

1990ల చివరిలో వచ్చిన ఒక ఫలితం మొదటి రెండు పక్షాలనూ కదిలించింది. బెనియాష్, ఐజెన్‌బర్గ్, అడ్డాడి, వైనర్ 1997లో సీ అర్చిన్ లార్వా అస్థిపంజరపు పుల్లలను పరీక్షించి, వాటిలోని ఖనిజం మొదట స్ఫటికమే కాదని ప్రకటించారు. క్రమం లేని కాల్షియం కార్బొనేట్ ముద్ద ముందు చేరుతుంది, తర్వాత అది నిదానంగా కాల్సైట్‌గా మారుతుంది. 2004లో ముల్లు విరిగి తిరిగి పెరిగేటప్పుడూ అదే దారి కనబడింది. క్రమం లేని పదార్థానికి ఇష్టమైన ముఖాలు ఉండవు కాబట్టి దాన్ని ఏ గదిలోనైనా నింపవచ్చు. స్ఫటికీకరణ ఒక చోట మొదలై మిగతాదంతా అదే వరుసలోకి వస్తే వంపుల ఒంటి స్ఫటికం తయారవుతుంది. మొదటి పేరాలోని చిక్కుకు ఇంతవరకు దొరికిన అతి సహజమైన జవాబు ఇదే.

అప్పటి నుంచి ఈ దారి ఎక్కడెక్కడ ఉందో వెతకడం ఒక ఉద్యమంలా సాగింది. జీబ్రాఫిష్ రెక్క ఎముకల్లో క్రమం లేని కాల్షియం ఫాస్ఫేట్ 2008లో దొరికింది. ఎలుకల ఎనామిల్ తొలి దశలోనూ అలాంటిదే 2009లో కనబడింది. ప్రయోగశాల వైపు నుంచి లారీ గోవర్ 2000లో, పాలిమర్ కలిపిన ద్రావణంలో ఖనిజం ద్రవపు బొట్లలా విడిపోయి ఎక్కడ పడితే అక్కడ పారుతుందని చూపింది. గెబౌవర్, కోల్ఫెన్ 2008లో బీజం పడకముందే ద్రావణంలో అయాన్ల గుంపులు స్థిరంగా ఉంటాయన్నారు. ఒక్కొక్క అయాన్ చేరి స్ఫటికం పెరుగుతుందన్న పాత సిద్ధాంతం పక్కన, రేణువులు వచ్చి అతుక్కోవడం అనే కొత్త సిద్ధాంతం నిలబడింది. 2015లో డియోరియో తదితరుల సమీక్ష ఆ రెండింటినీ ఒకే పటంలోకి తెచ్చింది.

అయాన్ల గుంపులు నిజంగా ప్రత్యేక దశా, లేక పాత సిద్ధాంతంలోనే ఇమిడే ఊగిసలాటా అన్నది భౌతిక రసాయనవేత్తల మధ్య ఇంకా నలుగుతోంది. జీవశాస్త్రానికి అది అంత ముఖ్యం కాకపోవచ్చు. ముఖ్యమైనది మరొకటి: క్రమం లేని కాల్షియం కార్బొనేట్ శుద్ధ నీటిలో వెంటనే స్ఫటికంగా మారిపోతుంది. దాన్ని కావలసినంత సేపు ఆపి, కావలసిన క్షణంలో వదలడానికి మెగ్నీషియం, ఫాస్ఫేట్, ప్రొటీన్లు, ఇరుకు చోటు, నీటి కొరత అన్నీ పనికొస్తాయని ప్రయోగాలు చెబుతున్నాయి. ఏ జీవిలో ఏది తాళం తీస్తుందో మాత్రం విడివిడిగా తేలాల్సి ఉంది.

భౌతిక నియమాల పక్షం

థాంప్సన్ వారసులు ఈ శతాబ్దంలో మళ్లీ గొంతెత్తారు. హ్వాన్ మాన్యుయెల్ గార్సియా రూయిజ్, సహచరులు 2003లో బేరియం కార్బొనేట్, సిలికా ద్రావణాల నుంచి పురుగుల్లా మెలికలు తిరిగిన ఆకారాలను పుట్టించి చూపారు. జీవమే లేదు, జీవి ఆకారం ఉంది. ప్రాచీన శిలల్లో మెలికలు చూడగానే శిలాజమనే అలవాటుకు అది పెద్ద హెచ్చరిక. మార్స్ నుంచి వచ్చిన ఏఎల్‌హెచ్84001 ఉల్కలోని మాగ్నెటైట్ రేణువులు బ్యాక్టీరియావేనని 1996లో మొదలైన వాదమూ ఇలాగే నలిగింది. వేడికి ఇనుప కార్బొనేట్ విడిపోయినా అలాంటి స్ఫటికాలు రాగలవని ప్రతిపక్షం చూపింది.

గుల్లల విషయంలో ఈ పక్షం వాదన మరింత సూక్ష్మం. పిన్నా నోబిలిస్ అనే మధ్యధరా చిప్ప స్తంభాల పొరలో, లోతుకు పోయేకొద్దీ చిన్న స్తంభాలు అంతరించి పెద్దవి మిగులుతాయి. ఈ మార్పు లోహాల్లో రేణువులు పెరిగే సమీకరణాలకు ఒదుగుతుందని ఇగోర్ జ్లోట్నికోవ్ బృందం 2014లో చూపింది. జీవి హద్దు షరతులు మాత్రం పెడుతుంది, మిగతాది ఉష్ణగతిక శాస్త్రం నడిపిస్తుంది. ప్రతి స్తంభానికీ ఒక ఆజ్ఞ వెతకనక్కర్లేదన్నమాట.

ఆకారం కనబడితే చాలు ప్రయోజనం ఊహించే అలవాటు మీద కూడా ఈ పక్షానికి అనుమానం ఎక్కువ. బ్రిటిల్ స్టార్ అనే సముద్రజీవి చేతుల మీది కాల్సైట్ బుడిపెలు కాంతిని ఒక బిందువుకు చేర్చే కటకాలని 2001లో చెప్పినప్పుడు ప్రపంచం అబ్బురపడింది. 2018లో మళ్లీ వెతికితే కాంతిని గుర్తించే కణాలు బుడిపెల కింద లేవు, వాటి మధ్య సందుల్లో ఉన్నాయి. బుడిపె కాంతిని కేంద్రీకరిస్తుందన్నది నిజమే, జీవి దాన్ని వాడుకుంటుందన్నదే నిలబడలేదు.

నాలుగింటినీ పక్కపక్కన పెడితే

అచ్చు పక్షం బయటి ఆకారాన్ని, పరిమాణాన్ని బాగా వివరిస్తుంది, దిక్కు దగ్గర తడబడుతుంది. అణువుల పక్షం దిక్కు, ముఖాల విషయంలో గట్టిది. పెద్ద వంపులను, మిల్లీమీటరు స్థాయి అల్లికను ఒక ప్రొటీన్ పట్టుతో చెప్పడం దానికి కష్టం. దారి పక్షం ఈ రెండింటి మధ్య వంతెన వేసింది, కానీ అది ఎలా అన్నదాని గురించే మాట్లాడుతుంది, ఏ ఆకారం అన్నదాన్ని మళ్లీ అచ్చుకే వదిలేస్తుంది. భౌతిక పక్షం తక్కువ ఆజ్ఞలతో ఎక్కువ క్రమం ఎలా వస్తుందో చెబుతుంది. జాతికీ జాతికీ ఉన్న తేడాలు అడిగితే హద్దు షరతులు వేరంటుంది. ఆ షరతులు పెట్టేది జన్యువులే కాబట్టి వాదం తిరిగి మొదటికొస్తుంది.

కోకోలిథోఫోర్ అనే సముద్రపు శైవలంలో ఇవన్నీ ఒకేచోట కనబడతాయి. కణం లోపలి తిత్తిలో సన్నటి సేంద్రియ పళ్లెం అంచున కాల్సైట్ స్ఫటికాలు వలయంగా మొలుస్తాయి. ఒకటి నిలువు, పక్కది అడ్డం, మళ్లీ నిలువు. జెరెమీ యంగ్ తదితరులు 1992లో గుర్తించిన ఈ వరుస బీజం పడే దశలోనే ఖాయమవుతుంది. తర్వాత పెరుగుదలను తిత్తి పొర వంచుతుంది, ఆమ్ల పాలిసాకరైడ్లు మెట్లను ఆపుతాయి.

ముత్యపు పొర: తగాదా అంతా ఒకేచోట

ఏ పక్షమైనా చివరికి నిరూపించుకోవాలని చూసేది ముత్యపు పొర దగ్గరే. సుమారు అర మైక్రోమీటరు మందం, కొన్ని మైక్రోమీటర్ల వెడల్పు ఉన్న అరగొనైట్ పలకలు, వాటి మధ్య కైటిన్, ప్రొటీన్ల పల్చటి పొరలు. బరువులో సేంద్రియ పదార్థం ఐదు శాతం లోపే. పలక మందం కాంతి తరంగదైర్ఘ్యానికి దగ్గరగా ఉండటం వల్లనే ఆ రంగుల మెరుపు. స్వాతి చినుకు చిప్పలో పడి ముత్యమవుతుందన్న నమ్మకం ఎలా ఉన్నా, ముత్యం చేసేది ప్రావారం అనే కణజాలపు పైపొర. పెంపకందారులు గుండ్రటి పూసతో పాటు దాత చిప్ప ప్రావారపు ముక్కను కూడా లోపల పెట్టేది అందుకే. ఆ ముక్క పూస చుట్టూ సంచిగా పెరిగి ముత్యపు పొరను పేరుస్తుంది. చిప్పతో సంబంధం తెగినా అదుపు కణాలతోపాటు వస్తుందనడానికి ఇంతకంటే వేరే రుజువు అక్కర్లేదు. హైదరాబాద్ పత్తర్‌గట్టీ దుకాణాల్లో మెరుపు చూసి ముత్యానికి ధర కట్టేవారు నిజానికి ఆ కణాల పనితనానికే ధర కడుతున్నారు. మంచినీటి ముత్యాల్లో కాంతి లేనివాటిని పరీక్షిస్తే కొన్నింట్లో అరగొనైట్‌కు బదులు వాటెరైట్ అనే మూడో రూపం కనబడింది. అదుపు తప్పినప్పుడు ఏమవుతుందో అది చెబుతుంది.

1994లో శాంటా బార్బరా పరిశోధకులు అబలోన్ అనే సముద్రపు నత్త గుల్లకూ ప్రావారానికీ మధ్య పల్చటి గాజు బిళ్లలు దూర్చి, తర్వాత తీసి చూశారు. గాజు మీద ముందు కాల్సైట్ పొర, దాని మీద అరగొనైట్ పలకలు వరుసగా పేరుకున్నాయి. గుల్ల ఎదిగిన క్రమం బిళ్ల మీద పునరావృతమైంది. మార్పు ఎలా జరిగింది? 1996లో రెండు జవాబులు వచ్చాయి. ఏంజెలా బెల్చర్ బృందం, గుల్ల నుంచి తీసిన కరిగే ప్రొటీన్లు చాలని, అవి కలిపితే బీకరులో కాల్సైట్ మీదే అరగొనైట్ మొలుస్తుందని చెప్పింది. ఫలీని బృందం, ప్రొటీన్లు ఒక్కటే చాలవని, కైటిన్, పట్టు లాంటి ప్రొటీన్ ఉన్న చట్రంలో అవి అమరినప్పుడే అరగొనైట్ వస్తుందని చూపింది. రెండు ప్రయోగాలూ తమ షరతుల్లో సరైనవే. మొదటిది ద్రావణాన్ని చూసింది, రెండోది నిర్మాణాన్ని. ఈ తేడా గమనించకుండా ఒకదాన్ని ఇంకొకటి ఖండించినట్టు ఉటంకించడం మాత్రం చాలాకాలం సాగింది.

పలకలన్నీ ఒకే దిక్కుకు ఎలా తిరిగాయన్నది వేరే తగాదా. కింది సేంద్రియ పొర ప్రతి పలకకూ దిక్కు నిర్దేశిస్తుందన్నది పాత నమూనా. ష్యాఫర్ తదితరులు 1997లో పొరలోని కన్నాల గుండా కింది పలక నుంచి పై పలకకు ఖనిజం వంతెనలా సాగుతుందని చూపడంతో ఆ నమూనా బలహీనపడింది. వంతెన ఉంటే దిక్కు దానంతట అదే సంక్రమిస్తుంది, కొత్త బీజం అక్కర్లేదు. ప్యూపా గిల్బర్ట్ బృందం అబలోన్‌లో మరో సంగతి గమనించింది. కాల్సైట్ హద్దు దగ్గర పలకల దిక్కులు చెదిరి ఉండి, దూరం పోయేకొద్దీ క్రమంలోకి వస్తాయి. వేగంగా పెరిగే దిక్కు ఉన్నవి మిగతావాటిని తోసేసి చోటు ఆక్రమిస్తాయన్నది వారి వివరణ. వంతెనలు, చోటు కోసం పోటీ కలిసి దిక్కును చాలావరకు వివరిస్తాయి. అరగొనైట్ ఎంపికను ఏదీ వివరించదు. ఎదిగే పలకల మీద క్రమం లేని కార్బొనేట్ పల్చటి పూతను 2005లో ఒక బృందం గుర్తించింది. అది పెరుగుదల దారా, పెరుగుదల ఆగాక మిగిలిన పూతా అన్నదానిపై పట్టుదలలు ఇంకా తగ్గలేదు.

తేలనివి

ఖనిజ రూపం ఎంపికే అన్నింటికన్నా పెద్ద చిక్కు. నేటి సముద్రపు నీటిలో కాల్షియంతో పోలిస్తే మెగ్నీషియం ఎక్కువ. అది కాల్సైట్ బీజం పడటాన్ని కష్టతరం చేసి అరగొనైట్‌కు దారి ఇస్తుంది. స్టాన్లీ, హార్డీ చూపినట్టు భూచరిత్రలో ఈ నిష్పత్తి మారినప్పుడు సముద్రంలో ఖనిజం కూడా మారింది. అయినా సీ అర్చిన్, కోకోలిథోఫోర్ కాల్సైట్‌నే పేరుస్తున్నాయి. వాటి ఒంట్లో ఖనిజం పేరుకునే ద్రవం కూర్పు, ఆమ్లత ఎంతో జీవించి ఉన్న కణంలో కొలవడం ఇప్పుడిప్పుడే సాధ్యమవుతోంది. అందుకే ఇక్కడ సిద్ధాంతాలు ఎక్కువ, కొలతలు తక్కువ.

పగడాలది మధ్యస్థ స్థితి. వాటి అరగొనైట్ నారలు సముద్రపు నీటిని కాస్త మార్చిన ద్రవం నుంచి దాదాపు రసాయన నియమాల మేరకే పెరుగుతాయని ఒక వర్గం 1970 నుంచి వాదిస్తోంది. ఆమ్ల ప్రొటీన్లు, క్రమం లేని రేణువులు పగడాల్లోనూ ఉన్నాయని తాలి మాస్ తదితరులు 2013, 2017లలో చూపారు. సముద్రం ఆమ్లీకృతమవుతున్నప్పుడు పగడం ఎంత తట్టుకుంటుందన్న అంచనా ఈ రెండింట్లో దేన్ని నమ్ముతామన్నదాని మీద మారిపోతుంది. ఈ రంగంలో ప్రయోగశాల గోడ దాటి బయటికి వచ్చిన వివాదాల్లో ఇదొకటి.

చివరిది వంశచరిత్ర. సుమారు 55 కోట్ల ఏళ్ల కిందటి నుంచి జంతువుల్లో ఖనిజ అస్థిపంజరాలు విడివిడిగా అనేకసార్లు పుట్టాయి. అయినా క్రమం లేని దశ గుండా పోయే దారి చాలా వంశాల్లో కనబడుతోంది. గిల్బర్ట్, ఆండ్రూ నోల్ తదితరులు 2019లో క్లౌడినా అనే ఆనాటి జీవి గొట్టాల్లోనూ రేణువుల అతుకుల గుర్తులున్నాయన్నారు. శిలగా మారేటప్పుడు జరిగే మార్పులు కూడా అలాంటి రేణురూపం ఇవ్వగలవు కాబట్టి ఈ సాక్ష్యాన్ని జాగ్రత్తగా తీసుకోవాలి. దారి ఉమ్మడి పూర్వీకుల నుంచి వచ్చిందా, లేక వంపుల స్ఫటికం కావాలంటే వేరే మార్గం లేక అందరూ అక్కడికే చేరారా అన్నది తేల్చడానికి ఇప్పుడు జన్యువులను పోల్చుతున్నారు. కార్బొనేట్ సరఫరా చేసే కార్బానిక్ యాన్‌హైడ్రేజ్ వంటి ఎంజైములు అన్ని వంశాల్లోనూ ఉన్నాయి. స్ఫటికాన్ని నేరుగా తాకే ప్రొటీన్లు చాలావరకు ఏ వంశానికి ఆ వంశానివే.